పెట్టె మీద తొమ్మిది వేలు: కొత్త రౌటర్ల లోపలి లెక్క

వైఫై 7 రౌటర్ల పెట్టెల మీద బీఈ3600, బీఈ9300, బీఈ19000 అని పెద్దపెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటుంది. ‘బీఈ’ అన్నది వైఫై 7 సాంకేతిక ప్రమాణమైన 802.11బీఈ నుంచి వచ్చింది. పక్కనున్న అంకె రౌటర్ వేగమని, సెకనుకు అన్ని మెగాబిట్లు వస్తాయని కొనేవాళ్లు అనుకుంటారు. అమ్మేవాళ్లు కాదనరు. తీరా ఇంటికి తెచ్చి బిగించాక వెనక గదిలో వీడియో కాల్ మునుపటిలాగే ఆగి ఆగి వస్తుంటే తప్పు ప్లాన్‌దో, రౌటర్‌దో, గోడదో అంతుపట్టదు.

ఆ అంకె అబద్ధం కాదు. దాన్ని ఎలా తయారుచేస్తారో చూస్తే చాలు. బీఈ9300 రౌటర్‌లో మూడు రేడియోలు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో గరిష్ఠ వేగం 688 మెగాబిట్లు, 5 గిగాహెర్ట్జ్‌ది 2882, 6 గిగాహెర్ట్జ్‌ది 5764. మూడూ కలిపితే 9334. చివరి అంకెలు సవరించి 9300 అన్నారు. ఇంట్లోని ఏ ఫోనూ మూడు రేడియోలనూ పూర్తి వేగంతో ఒకేసారి వాడుకోదు. పెట్టె మీది అంకె కూడికతో వచ్చింది. ఇంట్లో అందే వేగం కూడికతో రాదు. ఫైబర్ వచ్చి ఆగే చోటు నుంచి చేతిలోని ఫోను వరకు దారిలో ఎన్ని భాగాలున్నాయో, వాటిలో ఏది అన్నిటికన్నా తక్కువ మోయగలదో అదే మొత్తం వేగాన్ని నిర్ణయిస్తుంది. కొత్త రౌటర్ల హార్డ్‌వేర్‌ను ఈ దృష్టితో చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

ముందు రేడియో సంగతి. 5764 అనే అంకె మూడు విషయాల మీద ఆధారపడి ఉంది. ఛానల్ వెడల్పు 320 మెగాహెర్ట్జ్ ఉండాలి. రెండు యాంటెన్నాలతో రెండు ధారలుగా డేటా వెళ్లాలి. ఒక్కో సంకేతంలో 12 బిట్లు ఇమడాలి. వైఫై 6లో ఒక్కో సంకేతానికి 10 బిట్లే. 12 బిట్లు ఇమడాలంటే రేడియో 4096 రకాల సంకేతాలను ఒకదాని నుంచి ఒకటి పొరపాటు లేకుండా వేరుచేసి గుర్తించాలి. సిగ్నల్ చాలా స్వచ్ఛంగా ఉంటే తప్ప అది సాధ్యం కాదు. అంటే రౌటర్ ఉన్న గదిలోనే, దానికి దగ్గరగా కూర్చోవాలి. గోడ దాటి పక్క గదిలోకి వెళ్లగానే రౌటర్, ఫోను కలిసి తక్కువ బిట్ల పద్ధతికి దిగిపోతాయి.

ఫోను వైపు పరిమితులు ఇంకా గట్టివి. మామూలు ఫోన్లలో వైఫైకి రెండే యాంటెన్నాలు ఉంటాయి. ఖరీదైన ఫోన్లలోనూ అంతే. ఐఫోన్ 16లో వైఫై 7 ఉంది కానీ ఛానల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి దాని గరిష్ఠం 5764లో సగానికి మించదు. మధ్యతరగతి ధరల్లో దొరికే వైఫై 6 ఫోన్లలో చాలావాటికి 80 మెగాహెర్ట్జే. రెండు ధారలతో 1201 మెగాబిట్లు. అదీ కాగితం మీది వేగమే. ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక పరికరమే ప్రసారం చేయాలి, అందిందని అవతలి వైపు నుంచి జవాబు రావాలి, పక్క ఫ్లాటు వైఫై అదే ఛానల్ మీద ఉంటే దానికీ వంతు ఇవ్వాలి. ఇవన్నీ పోగా దగ్గర నుంచి కొలిచినా అందులో మూడింట రెండు వంతులు దక్కితే బాగా దక్కినట్టే. ఫోను సెట్టింగుల్లో కనిపించే ‘లింక్ స్పీడు’కూ, స్పీడు టెస్టులో వచ్చే అంకెకూ మధ్య తేడా ఇక్కడ పుడుతుంది.

మరి రౌటర్‌కు నాలుగేసి యాంటెన్నాలు ఎందుకు? ఫోను గొంతు చిన్నది. బ్యాటరీని కాపాడుకుంటూ తక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. రౌటర్ నాలుగు యాంటెన్నాలతో వింటే ఆ బలహీనమైన సిగ్నల్‌ను మెరుగ్గా పట్టుకోగలదు. వేగం రెట్టింపు కాకపోయినా దూరపు గదిలో కనెక్షన్ నిలబడుతుంది. ప్రకటనల్లో ఈ మాట దాదాపు కనిపించదు గానీ, అదనపు యాంటెన్నాలకు డబ్బు పెట్టడానికి నా దృష్టిలో ఇదే సరైన కారణం.

వైఫై 7 గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా వినిపించే ఎంఎల్ఓ కూడా ఇలాంటిదే. ఒకే పరికరం రెండు బ్యాండ్లలో (2.4, 5, 6 గిగాహెర్ట్జ్ తరంగ శ్రేణుల్లో ఏవైనా రెండింటిలో) రౌటర్‌తో ఏకకాలంలో అనుసంధానమై ఉండటం దాని సారాంశం. రెండు దారులు కలిస్తే రెట్టింపు వేగం అన్న అర్థం వచ్చేలా ప్రచారం చేస్తారు. చాలా ఫోన్లు మాత్రం రెండు బ్యాండ్లనూ వింటూ, ఏది ఖాళీగా ఉంటే దాని మీద పంపుతాయి. దీనివల్ల పెరిగేది వేగం కాదు, తగ్గేది నిరీక్షణ. ఆటలకు, వీడియో కాల్స్‌కు అది మంచిదే.

ఇక 6 గిగాహెర్ట్జ్. 320 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్‌కు చోటున్నది ఈ బ్యాండులోనే. అమెరికా 2020 ఏప్రిల్‌లో ఇక్కడ ఏకంగా 1200 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అవసరం లేకుండా వైఫైకి వదిలేసింది. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్‌కు 2018 అక్టోబరులో లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. 6 గిగాహెర్ట్జ్ విషయంలో కేంద్ర టెలికాం శాఖ 2025 మేలో ముసాయిదా నిబంధనలు ప్రకటించింది. అందులో ఉన్నది కింది భాగం, 5925 నుంచి 6425 దాకా 500 మెగాహెర్ట్జ్, అదీ ఇళ్ల లోపల తక్కువ శక్తితో, బయట మరీ తక్కువ శక్తితో వాడుకోవడానికి ఉద్దేశించింది. ఆ 500లో 320 వెడల్పు ఛానల్ ఒక్కటే పడుతుంది. అపార్ట్‌మెంటులో పది ఇళ్లవాళ్లు అదే కొన్నా ఆ ఒక్క ఛానల్‌నే పంచుకోవాలి. గోడలు ఈ తరంగాలను తొందరగా మింగేస్తాయి కాబట్టి పక్కింటి సిగ్నల్ మన దాకా అంతగా రాదన్నది ఊరట. మన సిగ్నల్ మన పడకగది దాకా రాదన్నది దానికి చెల్లించే మూల్యం.

అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వస్తూ రౌటర్ తెచ్చిపెట్టడం తెలుగు ఇళ్లలో మామూలే. అక్కడ అమ్మే రౌటర్లు సాధారణంగా అక్కడి నిబంధనలకే కట్టుబడి తయారై వస్తాయి. దేశం మార్చుకునే వీలు చాలావాటిలో ఉండదు. ఏ ఛానళ్లు, ఎంత శక్తితో అన్నది మన నిబంధనలతో సరిపోలకపోవచ్చు. పాడైతే ఇక్కడ వారంటీ కూడా ఉండదు. రౌటర్ ఇక్కడ కొనుక్కుని, వాళ్లను మరేదైనా తెమ్మనడం మేలు.

మన మార్కెట్లో వైఫై 7 పేరుతో తక్కువ ధరకు దొరికేవి ఎక్కువగా బీఈ3600 రకం. వీటిలో 6 గిగాహెర్ట్జ్ రేడియోనే లేదు. 688, 2882 కూడితే 3570. పాత వైఫై 6 తరంలో దీనికి సమానమైనది ఏఎక్స్3000. దాని లెక్క 574, 2402. రెండు జతలనూ పక్కపక్కన పెట్టి భాగిస్తే తేడా రెండు బ్యాండ్లలోనూ 20 శాతం. అది 10 బిట్లు 12 అయినందువల్ల వచ్చిన 20 శాతం. గోడ దాటగానే కరిగిపోయేది. ఇంట్లో మంచి ఏఎక్స్3000 ఉన్నవాళ్లు బీఈ3600 కోసం దాన్ని మార్చాల్సిన అవసరం నాకు కనిపించదు.

ఇంతవరకు గాలిలో జరిగేది. అసలు బరువంతా పెట్టె లోపలి చిప్ మీద పడుతుంది. దాని గురించి పెట్టె మీద ‘శక్తిమంతమైన నాలుగు కోర్ల ప్రాసెసర్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

రౌటర్ పని బిట్లు లెక్కపెట్టడం కాదు, ప్యాకెట్లు చూడటం. ఇంటర్నెట్ డేటా సాధారణంగా 1500 బైట్ల ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది; తీగ మీద అదనపు హంగులతో కలిపి ఒక్కొక్కటి 1538 బైట్లు. సెకనుకు ఒక గిగాబిట్ అంటే దాదాపు 81 వేల ప్యాకెట్లు. పది గిగాబిట్లయితే 8 లక్షల 12 వేలు. అంటే ఒక్కో ప్యాకెట్‌కు దక్కే సమయం 1.23 మైక్రోసెకన్లు. ప్రాసెసర్ కోర్ 1.8 గిగాహెర్ట్జ్‌ది అనుకుంటే ఆ వ్యవధిలో సుమారు 2200 గడియార స్పందనలు (క్లాక్ సైకిళ్లు), అంటే ప్రాసెసర్ వేయగల చిన్న చిన్న అడుగులు. ఇది పెద్ద ప్యాకెట్ల లెక్క. అన్నీ 64 బైట్ల చిన్న ప్యాకెట్లయితే పది గిగాబిట్ల దగ్గర సెకనుకు కోటీ 48 లక్షలు. ఒక్కోదానికి 67 నానోసెకన్లు. మెమరీ చిప్‌ను ఒక్కసారి అడిగి సమాధానం తెచ్చుకోవడానికే దాదాపు అంత సమయం పోతుంది. ఆన్‌లైన్ ఆటలూ వాయిస్ కాల్సూ చిన్న ప్యాకెట్లతోనే నడుస్తాయి, కాకపోతే సెకనుకు కోట్లలో రావు.

ఆ కొద్ది సమయంలో రౌటర్ చేయాల్సింది చాలా ఉంది. ఇంటర్నెట్ చిరునామాల పాత విధానంలో (ఐపీవీ4) ఇంటి మొత్తానికి బయటికి కనిపించే చిరునామా ఒక్కటే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రిజిస్టరులో ఏ ఫ్లాటువాళ్లు ఏ పార్సిల్ పంపారో రాసుకుని, జవాబు వచ్చినప్పుడు ఆ ఫ్లాటుకే చేరవేసినట్టు, రౌటర్ ప్రతి కనెక్షన్‌నూ పట్టికలో రాసుకోవాలి. వెళ్లే ప్యాకెట్ మీద చిరునామా, పోర్టు సంఖ్య (అది ఏ కనెక్షన్‌దో చెప్పే అంకె) మార్చి, పొరపాట్లు పట్టడానికి వాడే చెక్‌సమ్‌ను మళ్లీ లెక్కవేయాలి. ఈ పనికే న్యాట్ అని పేరు. కొత్త విధానమైన ఐపీవీ6లో చిరునామా మార్చే బాధ తప్పుతుంది గానీ, బయటి నుంచి పిలవకుండా వచ్చే ప్యాకెట్లను ఆపడానికి ఆ పట్టిక మాత్రం ఉండాల్సిందే.

ఇదంతా ప్రాసెసర్ ఒక్కటే చేస్తుందా? చిప్‌ల సంస్థ మీడియాటెక్ వైఫై 7 రౌటర్ల కోసం తెచ్చిన పెద్ద చిప్ ఫిలాజిక్ 880 చూడండి. అందులో 1.8 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే కార్టెక్స్ ఏ73 కోర్లు నాలుగు. ఏ73 ఆర్మ్ సంస్థ 2016లో ప్రకటించిన డిజైన్. అప్పట్లో మంచి ఫోన్లలో వచ్చింది. మీడియాటెక్ చిన్న రౌటర్లకు ఇచ్చే ఫిలాజిక్ 820లో 1.3 గిగాహెర్ట్జ్ ఏ53 కోర్లు రెండే. ఇన్నేళ్ల నాటి కోర్లు పది గిగాబిట్ల ప్రవాహాన్ని మోయడం వాటి గొప్పతనం కాదు. ఆ ప్రవాహంలో ఎక్కువ భాగాన్ని అవి చూడనే చూడవు.

చిప్‌లో ప్యాకెట్ల కోసమే ప్రత్యేకంగా చెక్కిన సర్క్యూట్ ఒకటి ఉంటుంది. కొత్త కనెక్షన్‌లో తొలి ప్యాకెట్లు ప్రాసెసర్ దగ్గరికి వెళతాయి. ఇది ఎవరిది, అనుమతించాలా, చిరునామా ఎలా మార్చాలి అన్నది ప్రాసెసర్ తేల్చి ఆ నిర్ణయాన్ని హార్డ్‌వేర్ పట్టికలో రాస్తుంది. ఆ కనెక్షన్‌లో తర్వాత వచ్చే లక్షల ప్యాకెట్లకు ఆ సర్క్యూటే చిరునామా మార్చి అవతలికి పంపేస్తుంది. ప్రాసెసర్‌కు కబురైనా అందదు. దీన్నే హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ అంటారు. మంచి చిప్‌లలో వైఫై రేడియో దాకా కూడా ఈ దారే ఉంటుంది. స్పీడు టెస్టులో పెద్ద అంకె రావడానికి కారణం ఇదే. పెద్ద ఫైలు ఒకటి, కొద్దిపాటి కనెక్షన్లు, అన్నీ 1500 బైట్ల ప్యాకెట్లు: ఆ సర్క్యూట్‌కు ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

చిక్కు ఎక్కడంటే, మనం రౌటర్ నుంచి తెలివైన పనులు కోరిన మరుక్షణం ఈ దగ్గరిదారి మూసుకుపోవచ్చు. పిల్లలు ఏ సైట్లు చూస్తున్నారో గమనించడం, ఏ పరికరం ఎంత డేటా వాడిందో చూపించడం, వైరస్ రక్షణ, వీపీఎన్, ముఖ్యమైన వాటికి ముందు దారి ఇవ్వడం. వీటిలో చాలావాటికి ప్యాకెట్‌ను ప్రాసెసర్ స్వయంగా చూడాలి. ఒక్క స్విచ్ నొక్కగానే గిగాబిట్ రౌటర్ అందులో మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోవడం ఇందువల్లే. కొత్త, ఖరీదైన చిప్‌లు ఇందులో కొన్ని పనులను కూడా హార్డ్‌వేర్‌లోకే దించాయి. ఏవి దించాయి, ఏవి దించలేదు అన్నది పెట్టె మీద ఎవరూ రాయరు. ప్రాసెసర్ కోర్ల సంఖ్యకూ, వాటి తరానికీ విలువ వచ్చేది సరిగ్గా ఇక్కడే.

అన్నిటికన్నా ప్రాసెసర్ అవసరమైన పని ఒకటుంది. దాని గురించి ప్రకటనలు అసలు మాట్లాడవు. ఇంట్లో ఒకరు వీడియో కాల్‌లో ఉంటారు. అదే సమయంలో ఫోను ఫొటోలను క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడుతుంది. కాల్ ముక్కలు ముక్కలవుతుంది. ప్లాన్ వేగం చాలకపోవడం వల్ల కాదు. బయటికి వెళ్లే దారిలో ప్యాకెట్లు క్యూలో నిలబడతాయి. ఆ క్యూకు కేటాయించిన మెమరీ ఎంత పెద్దదైతే నిరీక్షణ అంత పెరుగుతుంది. అప్‌లోడ్ 100 మెగాబిట్లు, క్యూలో 5 మెగాబైట్లు నిండాయి అనుకుందాం. 5 మెగాబైట్లంటే 40 మెగాబిట్లు; చివర నిలబడ్డ కాల్ ప్యాకెట్ బయటపడటానికి 0.4 సెకను. మాటకూ మాటకూ మధ్య అంత ఎడం వస్తే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలవుతుంది. మెమరీ చవకై తయారీదారులు ఉదారంగా పెట్టేకొద్దీ ఈ రోగం ముదిరింది. బఫర్‌బ్లోట్ అని దానికి పేరు.

మందు కూడా ఉంది. కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో కోడెల్ అనే పద్ధతిని ప్రచురించారు. క్యూ ఎంత పొడవుందన్నది కాక, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందన్నది చూడటం అందులోని మెలకువ. ఒక్కో కనెక్షన్‌కు వేరే వరుస ఇచ్చి దాన్ని మెరుగుపరిచిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్ఎఫ్‌సీ 8290గా ఇంటర్నెట్ పత్రాల్లోకి ఎక్కింది. దాని తర్వాతి రూపం కేక్. ఇవి పనిచేయాలంటే రౌటర్ వేగాన్ని ప్లాన్ కన్నా కాస్త తక్కువకు తనే కట్టడి చేసుకోవాలి. అప్పుడే క్యూ ఎక్కడో కంపెనీ పరికరంలో కాక రౌటర్ చేతిలో ఉంటుంది. కట్టడి చేయడమంటే ప్రతి ప్యాకెట్‌నూ ప్రాసెసర్ చూడటమే. గిగాబిట్ ప్లాన్‌కు ఇది చేయమంటే చిన్న చిప్‌లు చేతులెత్తేస్తాయి. 100, 200 మెగాబిట్ల ప్లాన్‌కైతే రెండు కోర్ల సాధారణ రౌటర్ కూడా హాయిగా చేసిపెడుతుంది. చాలా తెలుగు ఇళ్లలో ఉండే ప్లాన్లు ఆ స్థాయివే. అందుకే, ఈ సదుపాయం సరిగ్గా ఉన్న ఒక మోస్తరు రౌటర్ ఇంట్లో అందరికీ కలిగించే సుఖం అది లేని బీఈ19000 కలిగించలేదని నా గట్టి అభిప్రాయం.

పోర్టుల సంగతి కొద్దిగా చెప్పుకుంటే చాలు. గిగాబిట్ పోర్టు నుంచి ఆచరణలో వచ్చేది 940 మెగాబిట్లు. మిగతాది ప్యాకెట్ల తలకట్లకు, అంటే చిరునామా లాంటి అదనపు వివరాలకు, పోతుంది. గాలిలో 5764 ఉన్నా ఇంటర్నెట్ తీగ గుచ్చే పోర్టు 2.5 గిగాబిట్లదైతే బయటి నుంచి వచ్చేది అంతకు మించదు. 2.5 గిగాబిట్లకు పాత క్యాట్ 5ఈ తీగ వంద మీటర్ల దాకా పనికొస్తుంది. పది గిగాబిట్లను అంత దూరం మోయాలంటే క్యాట్ 6ఏ కావాలి. రాగి తీగ మీది పది గిగాబిట్ల పోర్టు బాగా వేడెక్కుతుంది కూడా. కొన్ని పెద్ద రౌటర్లలో ఫ్యాను పెట్టడానికి అదీ ఒక కారణం.

ఇంకా 100 మెగాబిట్ల పోర్టులతో రౌటర్లు అమ్ముడవుతూనే ఉన్నాయి, అదీ 1200 అని పెట్టె మీద రాసుకుని. హైదరాబాద్‌లో యాక్ట్ ఫైబర్‌నెట్ గిగాబిట్ ప్లాన్ తెచ్చింది 2017లో; ఇన్నేళ్ల తర్వాత కూడా ఇలాంటి పోర్టులు అమ్ముతున్నారంటే ఆశ్చర్యమే. 300 మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా స్పీడు టెస్టు ఎప్పుడూ 94, 95 దగ్గరే ఆగిపోతుంటే కంపెనీకి ఫోను చేసేముందు రెండు చోట్ల చూడండి. ఒకటి రౌటర్ పోర్టు రకం. రెండోది తీగ. గిగాబిట్‌కు తీగలోని నాలుగు జతలూ పనిచేయాలి. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. తలుపు సందులో నలిగి మిగతా రెండు జతల్లో ఒకటి తెగినా, కనెక్షన్ పోదు. చడీచప్పుడు లేకుండా వందకు దిగి అక్కడే ఉండిపోతుంది. నెలల తరబడి ఎవరూ గమనించరు.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, రెండు అంతస్తుల మధ్య కాంక్రీటు స్లాబు ఉన్న ఇంటికి ఒక్క పెద్ద రౌటర్ కన్నా రెండు చిన్నవి మేలు. అయితే రెండోదాన్ని తీగతో కలపాలి. గాలిలోనే కలిపే మెష్ సెట్లలో ఒక రేడియోను ఆ రెండు పెట్టెలూ తమలో తాము మాట్లాడుకోవడానికి కేటాయించకపోతే, ప్రతి ప్యాకెట్ అదే ఛానల్ మీద రెండుసార్లు ప్రయాణించాలి, వేగం సగమవుతుంది. ఇల్లు కట్టుకునేటప్పుడే ప్రతి అంతస్తుకూ ఒక పైపు వేసి ఉంచితే రౌటర్ మీద పెట్టే ఖర్చులో చాలా మిగులుతుంది.

ర్యామ్, ఫ్లాష్ మెమరీ అంకెలకు అంత ప్రాధాన్యం అక్కర్లేదు. 512 మెగాబైట్ల ర్యామ్ ఉంటే ఇంటికి సరిపోతుంది. అంతకన్నా ముఖ్యం తయారీదారు ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తాడన్నది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ కనీసం ఐదు లక్షల పరికరాల్లోకి చొరబడింది. వాటిలో ఎక్కువ భాగం ఇళ్లలో, చిన్న కార్యాలయాల్లో ఉన్న రౌటర్లే.

చివరగా కరెంటు. ఇక్కడ పెద్ద రౌటర్లు మన ఇళ్లకు తెచ్చే తంటా ఒకటుంది. పాత రౌటర్లకు 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ సరిపోయేది, అంటే 12 వాట్లు. కరెంటు పోయినప్పుడు ఆదుకునే అరచేతి వెడల్పు మినీ యూపీఎస్‌లు చాలావరకు ఆ కొలతకు, మహా అయితే 2 ఆంపియర్లకు, తయారైనవే. మూడు బ్యాండ్ల వైఫై 7 రౌటర్ల అడాప్టర్ల మీద 12 వోల్టులు 3 ఆంపియర్లు, అంతకన్నా ఎక్కువ కూడా కనిపిస్తాయి. అలాంటిదాన్ని చిన్న యూపీఎస్‌కు తగిలిస్తే మామూలుగా వెలుగుతుంది. అన్ని రేడియోలూ పనిలోకి దిగినప్పుడు ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. తప్పు రౌటర్‌ది అనుకుని షాపుకు తీసుకువెళతారు. అడాప్టర్ మీది వోల్టులను ఆంపియర్లతో గుణించి, యూపీఎస్ మీది అంకెతో పోల్చి చూడండి. ఫైబర్‌ను తీసుకునే ఓఎన్‌టీ పెట్టెకు కూడా కరెంటు కావాలి. రౌటర్‌కు మాత్రమే యూపీఎస్ పెడితే కరెంటు పోగానే వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు. రెండింటి వాట్లూ కలిపి లెక్కవేసి, రెండు అవుట్‌పుట్‌లున్న యూపీఎస్ తీసుకోవాలి. ఈ ఒక్క చోట మాత్రం కూడికే సరైన లెక్క.